బొగ్గు గడ్డ మీద సోలార్ బృందం

(ఉత్తర తెలంగాణలో స్వచ్ఛ విద్యుత్ కోసం పనిచేస్తున్న సభ్యుల సమావేశం హనుమకొండలో జరిగినప్పుడు ఒక విశ్రాంత ఫిజిక్స్ అధ్యాపకురాలు చేసిన ప్రసంగం ఇది. మాట్లాడిన తీరులోనే ఉంచాం.)

అందరికీ నమస్కారం.

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ నుంచి తెల్లారక ముందే బయలుదేరి వచ్చినవాళ్లు ఇక్కడ ఉన్నారు. ములుగు, మహబూబాబాద్ నుంచి మహిళా సంఘాల అక్కలు వచ్చారు. గోదావరిఖని, మందమర్రి నుంచి సింగరేణి అన్నలు వచ్చి మధ్య వరుసల్లో కూర్చున్నారు. సోలార్ గురించి పెట్టుకున్న సభకు బొగ్గుబాయి కార్మికులు రావడం నాకు అన్నిటికంటే పెద్ద సంతోషం. ఆ సంగతి కాసేపయ్యాక చెప్తాను.

మన బృందం ఎట్లా పెరిగిందో చెప్పమని నన్ను నిలబెట్టారు. ఏ జిల్లాలో ఎంతమంది సభ్యులున్నారు, ఎన్ని డాబాల మీద ప్యానెళ్లు లేచాయి అన్నది కార్యదర్శి గారి నివేదికలో ఉంది, మీ చేతుల్లోనే ఉంది. నేను దాన్ని మళ్లీ చదవను. ఆ నివేదిక ముందు పెట్టుకొని మ్యాపు చూస్తే నాకు ఒకటే కనిపించింది. ప్యానెళ్లు బిగించిన ఇంటికి మనవాళ్లు ఆ తర్వాత కూడా పోయి వస్తున్న వాడల్లో బృందం పెరిగింది. పెద్ద సభలు పెట్టి, బ్యానర్లు కట్టి వచ్చిన ఊళ్లలో పెద్దగా ఏమీ పెరగలేదు. ఇవాళ నా మాటంతా దీని చుట్టే తిరుగుతుంది.

మొదట్లో మనం చేసింది సెమినార్లు. ఎన్‌ఐటీ నుంచి ప్రొఫెసర్లు వచ్చేవాళ్లు, కరెంటు డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి రిటైరైన ఇంజినీర్లు వచ్చేవాళ్లు, నాలాంటి ఫిజిక్స్ చెప్పుకునేవాళ్లం వచ్చేవాళ్లం. మాట్లాడేది మనమే, వినేదీ మనమే. మంచి మాటలే మాట్లాడుకునేవాళ్లం. భూమి వేడెక్కడం గురించి, బొగ్గుపులుసు వాయువు గురించి చక్కటి ఉపన్యాసాలు నడిచాయి. ఆ తర్వాత రిటైరైన ఒక అసిస్టెంట్ ఇంజినీర్ గారు ఆదివారం పూట తన ఇంటి వరండాలో ఒక బల్ల వేశారు. కరెంటు బిల్లు పట్టుకొని రండి, లెక్క చూసి చెప్తాను అన్నారు. అంతే. ఎవరినీ సభ్యులు కమ్మని అడగలేదు. బిల్లు చూపించుకోవడానికి వచ్చినవాళ్లే తర్వాత మనకు సభ్యులయ్యారు. ఇవాళ ఈ హాల్లో ఉన్నవాళ్లలో చాలామంది ఆ వరండా మెట్లెక్కినవాళ్లే.

మనం ఏ నేల మీద నిలబడి ఈ పని చేస్తున్నామో కొత్తవాళ్ల కోసం కొంచెం చెప్పాలి. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించారు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ అన్న పేరు వచ్చింది. అక్కడి నుంచి గోదావరి వెంట కొత్తగూడెం, మణుగూరు, భూపాలపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, ఆసిఫాబాద్ దాకా ఊళ్లకు ఊళ్లే బొగ్గు మీద లేచాయి. ఆ బొగ్గు పక్కనే కరెంటు కూడా పుట్టింది. రామగుండంలో 1978లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌టీపీసీ థర్మల్ కేంద్రానికి, అంటే బొగ్గు కాల్చి కరెంటు తీసే కేంద్రానికి, శంకుస్థాపన జరిగింది, 1983లో మొదటి యూనిట్ తిరిగింది. ఇప్పుడు దాని సామర్థ్యం 2,600 మెగావాట్లు. అదే ఆవరణలో తెలంగాణ సూపర్ థర్మల్ పేరుతో ఇంకో 1,600 వచ్చింది. మంచిర్యాల జిల్లా జైపూర్‌లో సింగరేణిది 1,200. మన పక్కన చెల్పూరులో కాకతీయ థర్మల్‌ది 1,100. ఈ నాలుగు ప్లాంట్లూ కలిపితే 6,500 మెగావాట్లు. రాష్ట్రం మొత్తం మీద కరెంటు వాడకం 2025 మార్చిలో 17 వేల మెగావాట్లు దాటి రికార్డు పెట్టింది. ఆ పక్కన ఈ 6,500 పెట్టి చూసుకోండి.

దాని కోసం మన జిల్లాలు ఏమిచ్చాయో ఇక్కడున్నవాళ్లకు వేరే చెప్పనక్కర లేదు. పైనుంచి నేలంతా తవ్వే ఓపెన్‌కాస్ట్ గనుల కింద పోయిన ఊళ్లున్నాయి. బ్లాస్టింగ్ పెట్టినప్పుడల్లా గోడలు పగిలే ఇళ్లున్నాయి. ఆరేసిన బట్టల మీద పడే దుమ్ము, బూడిద చెరువులు, ఎండాకాలం 45 డిగ్రీలు దాటే రామగుండం ఎండ, అన్నీ మనవే. ఇంకో పక్క నుంచి చూస్తే బిడ్డల చదువులు, ఇళ్లు, ఆసుపత్రులు, పెన్షన్లు కూడా ఆ బొగ్గు నుంచే వచ్చాయి. ఈ రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి. అందుకే బొగ్గు చెడ్డది, సోలార్ మంచిది అని ఒక్క ముక్కలో చెప్పి వచ్చే కార్యకర్త మన కోల్‌బెల్టులో ఒక్క గడప కూడా దాటలేడు. దాటకూడదు కూడా.

రామగుండంలోనే ఇంకో కథ కూడా మొదలైంది. ఎన్‌టీపీసీ వాళ్ల రిజర్వాయర్ నీళ్ల మీద, సుమారు 500 ఎకరాల్లో, 100 మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంటు 2022 జూలై నుంచి పూర్తిగా నడుస్తోంది. అప్పటికి దేశంలో ఆ రకం ప్లాంట్లలో అదే పెద్దది. 40 బ్లాకులుగా కట్టారు, ఒక్కోటి రెండున్నర మెగావాట్లు. నీళ్ల మీద ఉండడం వల్ల ప్యానెళ్లు చల్లగా ఉంటాయి, కింద నీళ్లు ఆవిరైపోవడం తగ్గుతుంది. ఏడాదికి 32 లక్షల ఘనపు మీటర్లకు పైగా నీళ్లు ఆదా అవుతాయని లెక్క కట్టారు. మన పిల్లలను తీసుకుపోయి గట్టు మీద నిలబెట్టి చూపించండి. చూపించేటప్పుడు ఒక నిజం కూడా చెప్పండి. 100 మెగావాట్ల సోలార్, 100 మెగావాట్ల థర్మల్ ఒకటి కావు. రాత్రి ఉండదు, మబ్బు పడితే తగ్గుతుంది. ఏడాది పొడుగునా సగటు చూస్తే సోలార్ నుంచి వచ్చేది పూర్తి సామర్థ్యంలో సుమారు ఐదో వంతు. ఇది దాచిపెట్టి ప్రచారం చేస్తే, రేపు ఎవరో ఒకరు ఈ లెక్క తీసి అడిగినప్పుడు మనం చెప్పిన మిగతా మాటలు కూడా పోతాయి.

ధర సంగతి ఒక్క మాటలో చెప్తాను. 2010 ప్రాంతంలో దేశంలో మొదటి పెద్ద సోలార్ టెండర్లు పిలిచినప్పుడు యూనిట్ 12 రూపాయల దగ్గర పలికింది. 2017లో రాజస్థాన్‌లోని భడ్లాలో 2 రూపాయల 44 పైసలకు వచ్చింది. తెలంగాణ ఏర్పడిన 2014లో మనకు వంద మెగావాట్ల సోలార్ కూడా లేదు. 2025 నాటికి నాలుగున్నర వేలు దాటింది. కాబట్టి సోలార్ పనిచేస్తుందా అని అడిగే రోజులు పోయాయి. ఎవరి డాబా మీద పెట్టాలి, ఎవరి పేరు మీద ఉండాలి, వచ్చే లాభం ఎవరికి అన్నవి ఇప్పటి ప్రశ్నలు.

ఇక్కడ మన రాష్ట్రంలో ఒక చిక్కు ఉంది. వేరే రాష్ట్రాల బృందాలు మనకు పంపే కరపత్రాల్లో ఇది ఉండదు. వ్యవసాయానికి 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు ఉంది. 2024 ఫిబ్రవరి చివర గృహజ్యోతి మొదలయ్యాక రేషన్ కార్డున్న ఇంటికి 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తోంది. రైతుకు బిల్లు లేదు, పేదింటికి బిల్లు లేదు. అలాంటి ఇంటికి పోయి సోలార్ పెట్టుకోండి, బిల్లు తగ్గుతుంది అంటే వాళ్లు మన ముఖం చూస్తారు. న్యాయమే కదా. నేను ఈ పథకాలను తప్పు పట్టడం లేదు. రాత్రి పూట వంతుల కరెంటు ఉన్న రోజుల్లో మోటరు పెట్టడానికి బాయికాడికి పోయి పాము కరిచి పోయినవాళ్లు, తడి స్టార్టర్ ముట్టుకొని పోయినవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. ఉచిత కరెంటు విలువ మనకు కొత్తగా ఎవరూ చెప్పక్కర లేదు.

మరి ఆ ఇంటికి మనం ఏమి పట్టుకొని పోవాలి? సోలార్ తీసుకుపోకండి. ఫ్యాన్ల గురించి మాట్లాడండి. ఆశ్చర్యంగా ఉందా? గృహజ్యోతిలో 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. మార్చి నుంచి జూన్ దాకా కూలర్ తిరిగితే చాలా ఇళ్లు ఆ గీత దాటుతాయి. గీత దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లు ఒక్కోటి 5 రూపాయల 10 పైసలు, ఆపైన 300 దాకా 7 రూపాయల 70 పైసలు. అంటే 199 యూనిట్లు కాలితే సున్నా, 210 కాలితే దాదాపు 1,100. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తీసుకుంటుంది. బీఎల్‌డీసీ అనే కొత్త రకం మోటరున్న ఫ్యాను 30 వాట్ల దగ్గర నడుస్తుంది. రోజుకు 15 గంటలు తిరిగితే ఒక్క ఫ్యాను మీద నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. మూడు ఫ్యాన్లు మారిస్తే 60. ఆ ఇల్లు గీత కిందికి వస్తుంది. కాల్చకుండా మిగిలిన యూనిట్ కూడా స్వచ్ఛమైన కరెంటే. చెల్పూరులో ఆ మేరకు బొగ్గు మండదు. పేదల వాడల్లో మనకు మొదటి నమ్మకం ఇట్లా వచ్చింది, ప్యానెళ్లతో రాలేదు.

సోలార్ మాట ఎత్తాల్సిన ఇళ్లు వేరే ఉన్నాయి. నెలకు 300, 350 యూనిట్లు కాలే ఇళ్లు. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, పెన్షనర్లు, చిన్న దుకాణం పైన కాపురం ఉండేవాళ్లు. 350 యూనిట్లు కాలితే చార్జీలే 2,240 అవుతాయి, పైన ఫిక్స్‌డ్ చార్జీలు వేరే. ఒక కిలోవాట్ ప్యానెల్ మన ఎండకు రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది, నెలకు 120. మూడు కిలోవాట్లు పెడితే 360. దానికి సుమారు 300 చదరపు అడుగుల నీడ పడని జాగా కావాలి. ఖర్చు ఈరోజున రెండు లక్షల చుట్టూ ఉంది. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలు, మొత్తం 78 వేలు సబ్సిడీ. అది ముందుగా రాదు, ప్లాంటు మొదలయ్యాక మన బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఈ ఒక్క మాట ముందే చెప్పకపోతే ఆ ఇంట్లో ఎంత టెన్షన్ అవుతుందో చెప్పలేను. మిగిలిన లక్షా పాతిక వేలు ఐదేళ్లు, ఆరేళ్లలో తిరిగి వస్తుంది. ప్యానెల్ పాతికేళ్లు ఉంటుంది. మధ్యలో, పదేళ్లు దాటాక, ప్యానెల్ కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టర్ ఒకసారి మార్చాల్సి రావచ్చు. ఇదీ చెప్పండి.

బిల్లు చూడకుండా ఎవరికీ ఎన్ని కిలోవాట్లు అన్నది చెప్పకండి. 180 యూనిట్లు కాలే ఇంటికి 5 కిలోవాట్లు అమ్మి పోయినవాళ్లు ఉన్నారు. ఏ కంపెనీ అన్నది నాకు అనవసరం. ఆ ఇంటాయన అప్పు కడుతున్నాడు, ఆ వాడలో ఇంకెవరూ సోలార్ పేరెత్తడం లేదు. ఒక తప్పుడు సలహా చుట్టుపక్కల పది ఇళ్ల తలుపులు మూసేస్తుంది.

వెనుక నుంచి జనగామ అక్క ఏదో అడుగుతున్నారు, మైకు ఇవ్వండి. సరే, అందరికీ వినబడేటట్టు నేను చెప్తాను. కరెంటు పోయినప్పుడు వాళ్లింట్లో సోలార్ కూడా ఆగిపోతోందట, పైన ఎండ మండుతున్నా ఫ్యాను తిరగడం లేదట, మరి ఎందుకు పెట్టించారని అత్తమ్మ అడుగుతున్నారట. మంచి ప్రశ్న అడిగారక్కా. ఇది మనకు అన్ని ఊళ్లలో వస్తుంది.

మనం పెట్టించేది లైనుతో కలిసి నడిచే ప్లాంటు. లైన్‌లో కరెంటు లేదని తెలియగానే ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోతుంది. ఎందుకు ఆగాలి? లైన్‌మన్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర సప్లై తీసి స్తంభం ఎక్కుతాడు. కరెంటు లేదనుకొని తీగ పట్టుకుంటాడు. మన డాబా మీది కరెంటు ఆ తీగలోకి పోతే ఆయన ప్రాణం పోతుంది. అందుకే అది ఆగాలి. ఆగడం లోపం కాదు, ఒక మనిషికి రక్షణ. కరెంటు పోయినా నడవాలంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టుకోవచ్చు, ఖర్చు పెరుగుతుంది. అత్తమ్మకు లైన్‌మన్ సంగతి చెప్పండి, పెద్దవాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

లైన్‌మన్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఏ ఊళ్లో మన పని సాఫీగా సాగిందో చూడండి, అక్కడ లైన్‌మన్ మనతో ఉన్నాడు. లైను నుంచి వచ్చే కరెంటు, మనం లైనుకు ఇచ్చే కరెంటు రెండూ లెక్కపెట్టే నెట్ మీటర్ ఎప్పుడొస్తుంది, ఇంటికి మంజూరైన లోడ్ పెంచాలా, ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇంకెంత లోడ్ పడుతుంది అన్నవన్నీ మొదట ఆయనకు తెలుస్తాయి. కరెంటు పంపిణీ సంస్థ ఆఫీసుకు, నక్కలగుట్ట విద్యుత్ భవన్‌కు, అర్జీలు పెట్టడం అవసరమే, పెడుతున్నాం. ఊళ్లో మాత్రం లైన్‌మన్ తమ్మున్ని సభకు పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టండి.

బిగించిన తర్వాత పోవాలని మొదట్లో అన్నాను. పోయి ఏం చేయాలి? ముందు దుమ్ము చూడాలి. గ్రానైట్ క్వారీల దగ్గర, ఓపెన్‌కాస్ట్‌ల దగ్గర, సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర వారానికే ప్యానెల్ మీద పొర పడుతుంది. జిన్నింగ్ మిల్లుల పక్కన సీజన్‌లో దూది పీచు అంటుకుంటుంది. పొద్దున్నే, ప్యానెల్ వేడెక్కక ముందు నీళ్లు పోసి మెత్తటి బట్టతో తుడవాలి. మధ్యాహ్నం ఎండలో కాలిన గ్లాసు మీద చల్లటి నీళ్లు పోయకూడదు. తర్వాత వేడి. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ వస్తుందని అందరూ అనుకుంటారు. వెలుతురుకు పెరుగుతుంది, వేడికి తగ్గుతుంది. 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకి సుమారు 0.35 శాతం పడిపోతుంది. మే నెల మధ్యాహ్నం ప్యానెల్ ఒళ్లు 65 డిగ్రీలకు చేరితే 14 శాతం పోయినట్టే. అందుకే రేకుల మీద అంటించినట్టు బిగించనివ్వకండి, కింద గాలి ఆడేంత ఎత్తు ఉంచమనండి. వరంగల్ 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, దక్షిణం వైపు ముఖం పెట్టి ఇంచుమించు అదే వాలు ఉంచితే చాలు. వాస్తు అడ్డం వచ్చిందని ఒకరిద్దరు అడిగారు. సూర్యుడి దారిని బట్టి పెడుతున్నాం అని చెప్పండి, ఒప్పుకుంటారు.

ఇక కోతులు. నవ్వకండి, మన జిల్లాల్లో ఇది నిజమైన సమస్య. కోతులు ప్యానెళ్ల మీద గెంతుతాయి, వైర్లు పీకుతాయి, కనెక్టర్లు కొరుకుతాయి. వైర్లన్నీ పైపుల్లో పోవాలి, ఫ్రేముకు గట్టి క్లాంపులు ఉండాలి. ఇది నగరంలో తయారైన ఏ గైడ్‌లోనూ లేదు. మహబూబాబాద్ వైపు మన సభ్యులు తమ డాబాల మీద చూసి నేర్చుకున్నది. వాళ్లు గీసిన బొమ్మలు బయట గోడకు అంటించి ఉన్నాయి, ఫోటో తీసుకోండి.

పీఎం సూర్యఘర్ కింద బిగించిన కంపెనీ ఐదేళ్లు నిర్వహణ చూడాలి. ఒప్పందంలోనే ఉంటుంది. ఆ కాగితం చాలామంది చదవలేదు. మనం ఇంటికి పోయినప్పుడు ఆ కాగితం తీయించి, ఫోన్ నంబర్ గోడ మీద రాయించి రావాలి. మనం చేసే సేవలో దీనికంటే గొప్పది నాకు కనబడదు.

పెరగడం అంటే కొత్త సంఘాలు పుట్టించడం అనుకుంటారు. మన ప్రాంతంలో సంఘాలకు కరువు లేదు. భీమదేవరపల్లి మండలం ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి గారు సహకార సంఘం పెట్టారు. దేశమంతా వచ్చి చూసిపోయే సంఘం అది. అది రాష్ట్రమంతా బ్రాంచీలు తెరవలేదు, చుట్టుపక్కల ఊళ్లలోనే వేళ్లు దించుకుంది. 2000లో అక్కడి ఆడవాళ్లు పాల డెయిరీ పెట్టుకున్నారు, అది కూడా వాళ్ల సొంతమే. ఇటు సిరిసిల్లకు రండి. 1970లో అక్కడ సెస్ అనే సహకార విద్యుత్ సరఫరా సంఘం మొదలైంది. దేశంలో మొట్టమొదట పెట్టిన ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో అది ఒకటి. కరెంటు వాడుకునేవాళ్లే అందులో వాటాదారులు, వాళ్లే డైరెక్టర్లను ఎన్నుకుంటారు. వేల మరమగ్గాలు ఆ తీగల మీదే తిరిగాయి. ప్రజల చేతిలో కరెంటు సంఘం సాధ్యమా అని ఎవరైనా అడిగితే యూరప్ ఉదాహరణలు వెతక్కండి. బస్సెక్కి సిరిసిల్ల పోయి రమ్మనండి.

ఈ దారిలోనే మహిళా సంఘాల సోలార్ ప్లాంట్లను నేను చూస్తున్నాను. మహిళా సంఘాల చేత 1,000 మెగావాట్ల సోలార్ పెట్టిస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రకటించింది. ఒక మెగావాట్‌కు సుమారు నాలుగెకరాలు కావాలి. ఏడాదికి 14, 15 లక్షల యూనిట్లు వస్తాయి. ఆ కరెంటు దగ్గరలోని సబ్‌స్టేషన్‌కు పోతుంది. అక్కలారా, మీ గ్రామ సమాఖ్యలో ఈ ప్రస్తావన వచ్చినప్పుడు మూడు సంగతులు అడగకుండా సంతకం చేయకండి. సబ్‌స్టేషన్ ఎంత దూరం, ఆ లైను ఖర్చు ఎవరిది? అప్పు ఎవరి పేరు మీద, ఎన్నేళ్లు? పాడైతే బాగుచేసే మనిషి ఎవరు, ఎక్కడుంటారు? అప్పుల పుస్తకాలు పైసా తేడా లేకుండా రాసుకుంటూ వస్తున్నవాళ్లు మీరు. యూనిట్ల లెక్క మీకు కష్టం కాదు. రోజూ మీటర్ రీడింగ్ రాసుకోవడం, లైను మీద చెట్టుకొమ్మ పడితే గుర్తుపట్టడం, ఇన్వర్టర్ మీద ఎర్ర లైటు వెలిగితే దేనికో తెలుసుకోవడం, ఇవన్నీ నేర్పడానికి మన బృందంలో మనుషులున్నారు. ఐటీఐ చదివిన మీ ఊరి ఆడపిల్లలను పంపండి. ఆ ఉద్యోగం ఊళ్లోనే ఉండాలి.

పగలు వాడుకునేవాళ్ల దగ్గరికి మనం ఇంకా సరిగ్గా పోలేదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టూ మిర్చి నిలవ ఉంచే కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి. ఎండాకాలంలోనే వాటికి కరెంటు ఎక్కువ కావాలి, ఎండాకాలంలోనే సోలార్ ఎక్కువ వస్తుంది. రైస్ మిల్లులు, జిన్నింగ్ మిల్లుల పైన రేకులు ఎకరాల కొద్దీ ఉన్నాయి. బడులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు పగలే నడుస్తాయి. వచ్చే ఏడాది మన బలం అంతా అటు పెట్టాలని నా అభిప్రాయం. ఇళ్ల పని ఆపమని నేను అనడం లేదు, ఇళ్ల పని ఇప్పుడు పాత సభ్యులు చూసుకోగలరు.

ఇప్పుడు సింగరేణి అన్నల సంగతి. రామగుండంలో 1971 నుంచి నడిచిన 62.5 మెగావాట్ల పాత థర్మల్ స్టేషన్ 2024లో మూతపడింది. యంత్రం పాతబడితే ఆపక తప్పదు. దాని చుట్టూ బతికిన క్వార్టర్లు, హోటళ్లు, చిన్న దుకాణాలు ఏమైపోతాయన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు చెప్పే బాధ్యత మనలాంటి వాళ్ల మీద కూడా ఉంది. సింగరేణిలో ఇప్పటికీ దాదాపు 40 వేల మంది పర్మనెంట్ కార్మికులున్నారు, కాంట్రాక్టు కార్మికులు వేరే. దేశంలో పుట్టే కరెంటులో ఇంకా మూడింట రెండు వంతులకు పైగా బొగ్గుదే. రేపే బాయిలన్నీ మూసేస్తారని ఎవరూ అనడం లేదు. కానీ ఇవాళ పదో తరగతి చదివే పిల్లవాడు ఉద్యోగంలో చేరి రిటైరయ్యేలోపు ఈ లెక్క తారుమారవుతుంది. సింగరేణి సంస్థే తన భూముల్లో 200 మెగావాట్లకు పైగా సోలార్ కట్టుకుంది. మార్పు ఎటు పోతుందో కార్మికులకు మనకంటే ముందే తెలుసు.

నేను కోరుకునేది ఒకటి. బాయిలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసిన మనిషికి కేబుళ్లు తెలుసు, ఎర్తింగ్ తెలుసు, జాగ్రత్త అంటే ఏమిటో భూమి లోపల నేర్చుకున్నవాడు. సోలార్ పనికి అంతకంటే మంచి చేతులు ఎక్కడ దొరుకుతాయి? మన శిక్షణ తరగతులకు గురువులుగా రిటైరైన సింగరేణి ఎలక్ట్రీషియన్లను పిలవాలి. వాళ్ల పిల్లలకు ఆ తరగతుల్లో మొదటి సీట్లు ఇవ్వాలి. ఎత్తు మీద బెల్టు లేకుండా, హెల్మెట్ లేకుండా కుర్రవాళ్లు రేకుల మీద నడుస్తూ ప్యానెళ్లు బిగిస్తున్నారు. చూస్తే నాకు భయమేస్తుంది. బాయిలో దిగే ముందు పాటించే క్రమశిక్షణ డాబా మీద కూడా రావాలి. సోలార్ పనిలో దిగే కుర్రవాడికి సరైన కూలి, పీఎఫ్, బీమా లేకపోతే, బొగ్గుబాయిలో కొట్లాడి సాధించుకున్నది వదిలి ఇటు రమ్మని అడిగే హక్కు మనకు ఉండదు. బృందం తరఫున పని ఇప్పించే ప్రతి కాంట్రాక్టరుకూ ఈ షరతులు రాతపూర్వకంగా పెట్టాలని తీర్మానం ఈ మధ్యాహ్నం రాబోతోంది. దయచేసి ఉండి చేతులెత్తండి. కాంట్రాక్టర్లు ధర పెంచుతారని కొందరు మిత్రులు అంటున్నారు, పెంచవచ్చు. అయినా నేను తీర్మానం వైపే ఉంటాను.

కొత్త జిల్లా కమిటీల గురించి నిన్న చాలాసేపు చర్చ జరిగింది. నిర్మల్, జగిత్యాల మిత్రులు వెంటనే కమిటీలు కావాలంటున్నారు. నా మాట ఇది. బిల్లు బల్ల వేసి, వరుసగా ఒక సీజన్ నడిపి, బిగించిన ఇళ్లకు తిరిగి పోయి వచ్చిన పుస్తకం చూపించండి. ఆ పుస్తకం ఉన్న చోట కమిటీ ఆరోజే వేద్దాం. పుస్తకంలో ఏముండాలి? ఇంటి సర్వీస్ నంబర్, బిగించిన తేదీ, నెలనెలా వచ్చిన యూనిట్లు, ఏం పాడైంది, ఎవరు బాగుచేశారు, ఎంత ఖర్చయింది. అధ్యక్షుడు ఎవరన్నది తర్వాత చూసుకోవచ్చు.

మహిళా సంఘాల ప్లాంట్ల కోసం స్థలాలు చూసి వచ్చిన ఆసిఫాబాద్ అక్క తర్వాత మాట్లాడతారు. గోండు గూడేల్లో రోడ్డు, లైను దూరం వల్ల వచ్చే ఇబ్బందులు ఆమె చూసి వచ్చారు, శ్రద్ధగా వినండి. నెట్ మీటర్ ఆగిపోయిన వాళ్లు భోజనాలకు పోయే ముందు సర్వీస్ నంబర్, దరఖాస్తు తేదీ కుడి పక్క బల్ల మీద ఇవ్వండి. రిటైరైన అసిస్టెంట్ ఇంజినీర్ గారు అక్కడే కూర్చొని ఉన్నారు, సాయంత్రం దాకా ఉంటారు.